పోస్ట్‌గ్రెస్ ఏ ఫైల్ చదువుతోందో పోస్ట్‌గ్రెస్‌నే అడగండి

"అన్నా, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కాన్ఫిగ్ ఫైల్ మార్చాను, రీస్టార్ట్ కూడా చేశాను, అయినా ఏమీ మారలేదు." ఉబుంటు సర్వర్లు కొత్తగా చూసుకుంటున్న మా జూనియర్ల నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది. నేను తిరిగి అడిగేది ఒకటే: సర్వర్ చదివేది ఆ ఫైలేనని నీకెలా తెలిసింది? చాలాసార్లు ఫైండ్ కొట్టి, మొదట కనబడినదాన్ని తెరిచి మార్చేసి ఉంటారు.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో కొట్టండి.

ముందు సర్వర్ నడుస్తోందో లేదో చూడాలి. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని కొడితే 'యాక్టివ్ (ఎగ్జిటెడ్)' అని వస్తుంది. ఆ ఎగ్జిటెడ్ చూసి టెన్షన్ పడిపోయి, అంతా తీసేసి మళ్లీ ఎక్కించేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. డెబియన్, ఉబుంటుల్లో ఆ సర్వీస్ పేరుకే ఉంటుంది, అసలు పనిచేసేది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@16-మెయిన్ (16 అనేది వెర్షన్ నంబర్). ముఖ్యంగా పర్జ్ (ప్యాకేజీని కాన్ఫిగ్ ఫైళ్లతో సహా తీసేసే కమాండ్) జోలికి వెళ్లొద్దు, అడిగిన ప్రశ్నకు చూసుకోకుండా యెస్ కొడితే డేటా కూడా పోతుంది.

దానికి బదులు పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ కొట్టండి. వెర్షన్, పోర్ట్, ఆన్‌లైనా డౌనా, డేటా ఫోల్డర్, లాగ్ ఫైల్ అన్నీ ఒకే వరుసలో వస్తాయి. నాకు ఇంతకంటే ఇష్టమైన కమాండ్ లేదు. ఎందుకంటే అసలు గుట్టు చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది: రెండు వరుసలు కనిపిస్తాయి, అంటే రెండు పోస్ట్‌గ్రెస్‌లు ఉన్నాయన్నమాట. ఉబుంటు 22.04తో వచ్చేది వెర్షన్ 14, 24.04తో వచ్చేది 16. పాత మెషీన్‌ను అప్‌గ్రేడ్ చేస్తే 14 అలాగే 5432 పోర్ట్ పట్టుకుని కూర్చుంటుంది, కొత్త 16 పక్కనే 5433లో లేస్తుంది. మనవాడు 16 ఫోల్డర్‌లో ఫైల్ మారుస్తూ ఉంటాడు, అప్లికేషన్ మాత్రం 14తో మాట్లాడుతూ ఉంటుంది.

స్టేటస్ డౌన్ అని ఉంటే లాగ్ తెరవండి: /వార్/లాగ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కింద వెర్షన్ నంబర్‌తో ఉంటుంది. అందులో ఏమీ లేకపోతే జర్నల్‌సీటీఎల్ -యు తర్వాత ఆ అసలు సర్వీస్ పేరు ఇవ్వండి. 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని ఉంటే ఆ పోర్ట్‌ను ఇంకొకరు వాడుతున్నారు, ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీని సుడోతో కొడితే ఎవరో తెలుస్తుంది.

నడుస్తుంటే లోపలికి వెళ్లండి: సుడో -యు పోస్ట్‌గ్రెస్ పీఎస్‌క్యూఎల్. సుడో లేకుండా పీఎస్‌క్యూఎల్ -యు (క్యాపిటల్ యు) పోస్ట్‌గ్రెస్ అని వెళ్తే 'పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్' అంటుంది. అది పాస్‌వర్డ్ గొడవ కాదు, లినక్స్ యూజర్ పేరూ డేటాబేస్ యూజర్ పేరూ కలవలేదని అర్థం. రెండు వరుసలు ఉంటే -పీ ఇచ్చి అప్లికేషన్ వాడే పోర్ట్‌కే వెళ్లండి. లోపల షో కాన్ఫిగ్_ఫైల్; అని (చివర సెమీకోలన్‌తో) అడగండి. పూర్తి దారి చెబుతుంది. షో హెచ్‌బీఏ_ఫైల్; అని కొడితే ఎవరిని రానివ్వాలో రాసుకునే ఫైల్ చెబుతుంది. ఉబుంటులో ఇవి /ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/16/మెయిన్‌లో ఉంటాయి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో అయితే మామూలుగా /వార్/లిబ్/పీజీఎస్‌క్యూఎల్ కింద డేటాతో పాటే ఉంటాయి.

సరైన ఫైలే మార్చినా విలువ మారలేదా? సెట్టింగ్‌లన్నీ చూపించే పీజీ_సెట్టింగ్స్‌లో ఆ పేరున్న వరుస తీసి సోర్స్‌ఫైల్, సోర్స్‌లైన్ కాలమ్‌లు చూడండి. ఏ ఫైల్లో ఎన్నో లైన్ నుంచి ఆ విలువ వచ్చిందో అక్కడ ఉంటుంది. రెండూ ఖాళీగా ఉంటే మీ లైన్ ముందు దాన్ని పట్టించుకోవద్దని చెప్పే హ్యాష్ (#) గుర్తు ఇంకా ఉందేమో చూడండి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్ అని కనిపిస్తే, ఎవరో ఎప్పుడో ఆల్టర్ సిస్టమ్ (డేటాబేస్ లోపలి నుంచే సెట్టింగ్ మార్చే కమాండ్) వాడారు. డేటా ఫోల్డర్‌లో ఉండే ఆ ఫైల్‌ను పోస్ట్‌గ్రెస్ చివర్లో చదువుతుంది కాబట్టి దాని మాటే నెగ్గుతుంది. దాన్ని చేత్తో దిద్దకుండా ఆల్టర్ సిస్టమ్ రీసెట్ ఇచ్చి, రీలోడ్ చేయండి, అంటే సర్వర్ ఆపకుండా ఫైళ్లను మళ్లీ చదివించండి. పెండింగ్_రీస్టార్ట్ కాలమ్‌లో టీ (ట్రూ, అంటే అవును) కనిపిస్తే రీలోడ్ చాలదు. లిజన్_అడ్రసెస్, పోర్ట్, షేర్డ్_బఫర్స్‌కి రీస్టార్ట్ తప్పదు.

ఇక వేరే కంప్యూటర్ నుంచి కనెక్ట్ కాకపోతే ఎర్రర్‌ను అక్షరం అక్షరం చదవండి. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటే చాలావరకు సర్వర్ ఏ అడ్రస్‌ల మీద వినాలో చెప్పే లిజన్_అడ్రసెస్ ఇంకా లోకల్‌హోస్ట్ దగ్గరే ఉంది, లేదా పోర్ట్ తప్పు. ఏమీ అనకుండా వేలాడి టైమవుట్ అయితే ముందు ఫైర్‌వాల్ చూడండి. 'నో పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఎంట్రీ' అంటే సంతోషించండి, సర్వర్ దాకా చేరారు. ఆ ఫైల్లో మీ ఆఫీసు నెట్‌వర్క్‌కు, ఉదాహరణకు 192.168.1.0/24కు, స్క్రామ్-షా-256 అనే పాస్‌వర్డ్ పద్ధతితో ఒక హోస్ట్ లైన్ రాసి రీలోడ్ చేస్తే చాలు. పైనుంచి కిందికి చదువుతూ మొదట కలిసిన లైన్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి దాన్ని రిజెక్ట్ లైన్ల కింద పెట్టొద్దు. తొందరలో ఉన్నా సరే, 0.0.0.0/0కి (అంటే ఎక్కడి నుంచి వచ్చినా) ట్రస్ట్ (పాస్‌వర్డ్ అడగకుండా రానివ్వడం) మాత్రం రాయకండి.