గేమ్ కొనేముందు గంటలొక్కటే చూడకండి

ధరను గంటలతో భాగించి, ఎక్కువ గంటలొచ్చే గేమే లాభం అనుకునేవాళ్లు చాలామంది. ఆ లెక్కన 2007లో వచ్చిన పోర్టల్ అనే పజిల్ గేమ్ దండగ కింద లెక్క, మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది కదా! కానీ అందులో ప్రతి గదికీ ఏదో ఒక కొత్త చిక్కు ఉంటుంది. అదే 2020 నాటి అసాసిన్స్ క్రీడ్ వల్హాలాలో కథ ఒక్కటే దాదాపు 60 గంటలు. నాకైతే అందులో చాలా భాగం మ్యాప్ మీద చుక్కల వెంట తిరగడమే అనిపించింది.

అందుకే ముందు హౌ లాంగ్ టు బీట్ సైట్‌లో కథ నిడివి చూసుకోండి. తర్వాత పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో రివ్యూలకు వెళ్లండి. అక్కడ ప్రతి రివ్యూతో పాటు రాసినవాళ్లు ఎన్ని గంటలు ఆడారో కనిపిస్తుంది. కథలో సగం దాటినవాళ్లవే చదవండి, సాగదీత ఉంటే బయటపెట్టేది వాళ్లే.

కొన్నాక నచ్చకపోతే, 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే స్టీమ్‌లో డబ్బు వాపసు అడగొచ్చు. గేమ్ తెరిచి గ్రాఫిక్స్ సెట్టింగ్స్ సవరిస్తూ కూర్చున్న టైం కూడా ఆ 2 గంటల్లోకే వస్తుంది.