పది పన్నెండు మంది పనిచేసే షాపులో జీతాల లెక్క మీరే చూసుకోవడం ఎలా?

పదిహేను మంది లోపు సిబ్బంది ఉన్న షాపుకో, చిన్న యూనిట్‌కో జీతాల సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. ఒక హాజరు రిజిస్టరు, ఒక ఎక్సెల్ షీటు, మరిచిపోకూడని మూడు తేదీలు ఉంటే చాలు. కూడికలు, తీసివేతలు ఎవరైనా చేస్తారు. కానీ సిబ్బంది జీతంలోంచి కోసిన డబ్బు మనది కాదు. అది కొన్ని రోజులు మన ఖాతాలో ఉంటుందంతే. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుని మొదలుపెడితే మిగతాదంతా దారిలో పడుతుంది.

కరీంనగర్‌లో పన్నెండు మంది పనిచేసే ఒక బేకరీ ఉందనుకుందాం.

ముందుగా మీకు ఏవి వర్తిస్తాయో చూసుకోండి

తలలు లెక్కపెట్టడంతో మొదలుపెట్టండి. పది మంది దాటితే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), ఇరవై మంది దాటితే పీఎఫ్ (భవిష్య నిధి) తప్పనిసరి. సరిగ్గా పది, సరిగ్గా ఇరవై ఉన్నా వర్తిస్తాయి. రోజు కూలీకి వచ్చేవాళ్లను, కాంట్రాక్టు మీద పెట్టుకున్నవాళ్లను కూడా లెక్కలో కలపాలి. ఒకసారి ఈఎస్‌ఐ కిందికి వచ్చాక సిబ్బంది తగ్గారని బయటికి రాలేం. నెలకు 21,000 వరకు జీతం ఉన్నవాళ్లు ఈఎస్‌ఐలోకి వస్తారు. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం.

వృత్తి పన్నుకు తలల లెక్కతో పని లేదు. తెలంగాణలోనైనా, ఆంధ్రప్రదేశ్‌లోనైనా నెల జీతం 15,000 వరకు ఉంటే ఏమీ లేదు. 20,000 వరకు అయితే 150, ఆపైన 200 రూపాయలు. సిబ్బంది దగ్గర కోసి కట్టడానికి ఒక రిజిస్ట్రేషన్, యజమానిగా మీ సొంత పన్నుకు మరొకటి ఉంటాయి. రెండోది చాలామంది మర్చిపోతారు.

మన బేకరీకి ఈఎస్‌ఐ, వృత్తి పన్ను ఉంటాయి, పీఎఫ్ ఉండదు. ఇచ్చే జీతం ఆ పనికి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనానికి తగ్గకుండా చూసుకోండి. అందులోని కరువు భత్యం ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ మారుతుంది. కిందటేడు సరిపోయిన జీతం ఈ ఏడు తక్కువ పడొచ్చు.

హాజరు, అడ్వాన్సులు ఏ రోజుకారోజు రాయండి

జీతాల రోజు గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. "నేను ఆ శనివారం వచ్చాను సార్", "మీరిచ్చింది వెయ్యే కదా, రెండు వేలు కాదు" అనే మాటలు ప్రతి షాపులోనూ వినిపిస్తాయి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే ఇద్దరిలో ఒకరికి అన్యాయం జరుగుతుంది. రిజిస్టరులో రోజూ సంతకం పెట్టించండి. అడ్వాన్స్ ఇస్తే తేదీ, మొత్తం రాసి పక్కనే సంతకం తీసుకోండి. ఫోన్‌పేలో పంపినా సరే, రిజిస్టరులోకి ఎక్కించాల్సిందే.

ఆబ్సెంట్ అయితే రోజుకు ఎంత కోస్తారన్నది ముందే తేల్చుకోండి. కొందరు నెల జీతాన్ని ఆ నెలలోని రోజులతో భాగిస్తారు, కొందరు 26తో భాగిస్తారు. 18,000 జీతానికి 30తో భాగిస్తే రోజుకు 600, 26తో భాగిస్తే 692 వస్తుంది. ఏది పాటిస్తారో నియామక పత్రంలో రాసి, అందరికీ అదే పాటించండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం నియామక పత్రం అందరికీ ఇవ్వాలి. ఓటీ చేయిస్తే ఆ గంటలకు రెట్టింపు రేటు కట్టాలి.

ఒకరి జీతం లెక్కేద్దాం

బేకరీలో ఓవెన్ దగ్గర పనిచేసే ఒకతని జీతం 18,000, వేరే అలవెన్సులు లేవు. 30 రోజుల నెలలో రెండు రోజులు జీతం లేని సెలవు పెట్టాడు, నెల మధ్యలో 2,000 అడ్వాన్స్ తీసుకున్నాడు.

28 రోజులకు 600 చొప్పున 16,800 వచ్చింది. ఇందులో ఈఎస్‌ఐ 126, వృత్తి పన్ను 150 పోతే 16,524. అడ్వాన్స్ కూడా తీసేస్తే చేతికొచ్చేది 14,524. మీ వాటా ఈఎస్‌ఐ 546 ఇతని జీతంలోంచి కోయకూడదు, అది మీరు పైన పెట్టుకునేది. అంటే ఈ నెల ఇతని మీద మీకైన ఖర్చు 17,346.

ఎక్సెల్‌లో మనిషికో వరుస పెట్టి, వచ్చిన రోజులు, జీతం, ఈఎస్‌ఐ, వృత్తి పన్ను, అడ్వాన్స్, చేతికిచ్చేది అని నిలువు గడులు పెట్టుకుంటే పన్నెండు మంది లెక్క ఒక పూటలో అయిపోతుంది. ఏ నెలలోనైనా కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. అందుకే పెద్ద అడ్వాన్సును రెండు మూడు నెలలకు విడగొట్టండి.

డబ్బు ఇవ్వడం, కట్టడం

నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోపు ఇచ్చేయాలి. నగదు కన్నా బ్యాంకులో వేయడమే మేలు. ఒకరికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ ఖర్చును ఒప్పుకోరు. పైగా పనిచేసేవాళ్లకు బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటేనే రేపు లోన్ దొరుకుతుంది. జీతంతో పాటు పేస్లిప్ ఇవ్వండి, వాట్సాప్‌లో పంపినా సరే. కోతలు కళ్లకు కనబడితే అనుమానాలు ఉండవు.

వృత్తి పన్ను పదో తేదీలోపు, ఈఎస్‌ఐ పదిహేనులోపు ఆన్‌లైన్‌లో కట్టి చలానాలు దాచుకోండి. రేపు పీఎఫ్ వచ్చినా గడువు పదిహేనే. పదిహేను అంటే పదిహేనే. ఒక్కరోజు ఆలస్యంగా కట్టినా వడ్డీ పడుతుంది. డబ్బు మనకు తెలియకుండానే మైదా బిల్లుకో, కరెంటు బిల్లుకో వెళ్లిపోతుంది కాబట్టి, జీతాలు వేసిన రోజే చలానా కూడా కట్టేయడం మంచి పద్ధతి.

మామూలు షాపు జీతాలకు టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) గొడవ ఉండదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో ఏడాదికి 12,75,000 వరకు జీతం మీద పన్ను లేదు. అంతకు మించి తీసుకునే మేనేజరు ఉంటే మాత్రం టీడీఎస్ కట్టడానికి కావాల్సిన టాన్ నంబరు తీసుకుని నెలనెలా ఏడో తేదీలోపు కట్టాలి. దానికి మూడు నెలలకోసారి వేసే రిటర్నులు ఆడిటర్‌కే అప్పగించండి. షాపు మీ ఒక్కరి పేరు మీదే ఉంటే, మీరు ఇంటికి తీసుకెళ్లే డబ్బు జీతం కాదు, డ్రాయింగ్స్. దాన్ని ఈ షీట్లో కలపకండి.

ఎవరైనా మానేస్తే రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి, వచ్చే నెల జీతాలతో కలిపి ఇస్తామనడం కుదరదు. మిగిలిన అడ్వాన్స్ తీసేసి, లెక్క కాగితం మీద చూపించి, ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. ఐదేళ్లు దాటి పనిచేసి ఉంటే, పది మంది పైబడిన షాపు కాబట్టి గ్రాట్యుటీ కూడా ఇవ్వాలి. ఆఖరి నెల జీతంలో 26వ వంతును 15తో, ఆ తర్వాత పనిచేసిన ఏళ్లతో గుణిస్తే ఆ మొత్తం వస్తుంది.