శిల్పం చదువుదాం – 3వ పాఠం: పాదాల కింద రథం

పోయిన పాఠంలో చేతులు చూశాం. భుజాల ఎత్తున రెండు తామరలు కనిపిస్తే అది సూర్యుడి విగ్రహమని గుర్తుపట్టడం వచ్చింది. ఈసారి చూపు కిందికి దించాలి.

మన అరసవల్లిలో చాలామంది స్వామి ముఖం చూసి, దండం పెట్టుకుని బయటికొచ్చేస్తారు. క్యూలో దొరికేదే కొద్ది క్షణాలు, పైగా మామూలు రోజుల్లో పూలూ వస్త్రాలూ ఉంటాయి. రథసప్తమికి నిజరూప దర్శనం దొరికితే మాత్రం ముందు పాదాల వైపు చూడండి. ఏడు గుర్రాలు, పగ్గాలు పట్టిన అనూరుడు అక్కడే ఉంటారు.

ఏ సూర్య విగ్రహం దగ్గరైనా ముందు గుర్రాలు లెక్కపెట్టండి. ఏడుంటే సాధారణంగా నడిమిది మనకు ఎదురుగా ఉంటుంది, మూడేసి అటూ ఇటూ తిరిగి ఉంటాయి. ఏడే ఉండాలని లేదు. బుద్ధగయ పాత రాతి కంచె మీద నాలుగే. గ్రీకుల సూర్యదేవుడు హీలియోస్ రథానికీ నాలుగే. డెన్మార్క్‌లో 1902లో దొరికిన కంచు సూర్యరథానికైతే ఒక్కటే గుర్రం, అది లాగే సూర్యుడి బిళ్లకు ఒక వైపే బంగారు రేకు.

తర్వాత సారథి. ఇక్కడ ఆగి చూడండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. అనూరుడంటే తొడలు లేనివాడు. తల్లి వినత తొందరపడి గుడ్డు పగలగొట్టడంతో కింది సగం రూపం కట్టకుండానే పుట్టాడు. ఆ కథంతా శిల్పి బెత్తెడు రాతిలో చెప్పేస్తాడు: బొమ్మను నడుము దగ్గర ఆపేసి, గుర్రాల వెనక నిలబెడతాడు. చూసి విరిగిపోయిందనుకోకండి.

చివరికి చక్రం. ఋగ్వేదంలో రథానికి ఒకటే చక్రం. ఏడుగురు దాన్ని పూనుస్తారు, ఏడు పేర్లున్న ఒకే గుర్రం లాగుతుంది. 13వ శతాబ్దంలో కోణార్క్ కట్టించిన నరసింహదేవుడు మాత్రం గుడినే రథం చేసి 24 చక్రాలు చెక్కించాడు. ఆయనది ఒకప్పుడు మన ముఖలింగం నుంచి ఏలిన తూర్పు గాంగుల వంశమే.

అభ్యాసం: రథసప్తమికి చీపురుపుల్లలు గుచ్చి చేసే చిక్కుడుకాయల రథానికి మీ ఇంట్లో ఎన్ని చక్రాలు పెడతారో అమ్మనో అమ్మమ్మనో అడగండి. తర్వాత పెన్సిల్‌తో పీఠం గీయండి. ముందు నడిమి గుర్రం, దాని తల పైన నడుము వరకే సారథి, అతని పిడికిళ్ల నుంచి ఏడు పగ్గాలు. గుర్రాల కాళ్లు రాకపోతే వదిలేయండి, పగ్గాలు మాత్రం తెగకూడదు.