బీఫ్ ఎగుమతులు ఆగినప్పుడు వచ్చే ప్రభుత్వ ప్యాకేజీని ఎలా చదవాలి

ఏదో ఒక దేశంలో బీఫ్ ఎగుమతులు ఆగిపోతాయి, కొన్నాళ్లకే అక్కడి మంత్రి మైకు ముందుకొచ్చి ఇన్ని వందల మిలియన్ల సాయం అని ప్రకటిస్తాడు, జనాలకు ఆ అంకె ఒక్కటే గుర్తుంటుంది. ఆ అంకెను పక్కన పెట్టేయండి. డబ్బు ఏ దశలో విడుదలవుతుందో చూడండి. కొట్టంలో ఉన్న పశువుకా, కబేళాకు చేరిన పశువుకా, బ్యాంకు అప్పుకా? చివరికి ఎవరి జేబులో పడుతుందో తేల్చేది అదే. వార్త రాసేవాళ్లకైనా, పశువులు పెంచేవాళ్లకైనా ఇదే పద్ధతి.

మొదట ఎగుమతి ఆపింది ఎవరో తెలుసుకోండి. 2021 సెప్టెంబరులో బ్రెజిల్‌లో రెండు పశువుల్లో మ్యాడ్ కౌ (పశువుల మెదడును దెబ్బతీసే వ్యాధి, మాంసం ద్వారా మనుషులకూ రావచ్చని భయం) బయటపడింది. అది మేత వల్ల పాకే రకం కాదు, ముసలి పశువుల్లో ఎప్పుడో ఒకసారి దానంతట అదే వచ్చే రకం. అయినా చైనాతో ఉన్న ఒప్పందం ప్రకారం బ్రెజిలే సరుకు పంపడం ఆపుకుంది. మళ్లీ పంపించుకోమని చైనా అనేసరికి డిసెంబరు మధ్య వచ్చింది. ఇలాంటి చోట రైతుకు పంచే డబ్బుకంటే పశువైద్య శాఖ, విదేశాంగ శాఖ ఎంత చురుగ్గా కదిలాయన్నదే ముఖ్యం. ఆస్ట్రేలియాలో కథ వేరు. ఇండోనేషియా కబేళాల్లో పశువులను హింసిస్తున్న దృశ్యాలు టీవీలో వచ్చాక, 2011 జూన్‌లో అక్కడికి బతికున్న పశువులను పంపకుండా సొంత ప్రభుత్వమే ఆపేసింది. నెల తర్వాత ఎత్తేసింది గానీ ఆ ఉత్తర్వే చట్టవిరుద్ధమని 2020లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆపింది సొంత ప్రభుత్వమైతే వచ్చేది సాయమా, నష్టపరిహారమా అని తప్పకుండా అడగాలి. సాయం దయ మీద వస్తుంది, పరిహారం హక్కుగా వస్తుంది.

తర్వాత, పశువులు ఎక్కడ ఇరుక్కుపోయాయో చూడండి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే చాలా ప్యాకేజీలు దెబ్బతినేది ఇక్కడే.

కెనడా సంగతి తీసుకోండి. 2003 మే 20న ఆల్బెర్టాలో ఒకే ఒక్క ఆవుకు మ్యాడ్ కౌ అని ప్రకటించారు, అదే రోజు అమెరికా సరిహద్దు మూసేసింది. అప్పటిదాకా కెనడా తన పశువుల్లో చాలావాటిని బతికుండగానే అమెరికాకు తోలేది, అందుకే సొంత కబేళాల సామర్థ్యం మొత్తం మందకు సరిపోయేది కాదు, ఉన్నవి కూడా కొద్ది కంపెనీల చేతుల్లోనే ఉండేవి. ఆ జూన్‌లో సుమారు 460 మిలియన్ కెనడియన్ డాలర్ల పథకం వచ్చింది. పశువును కోతకు అమ్మితే, మార్కెట్లో వచ్చిన ధరకూ ఒక ప్రామాణిక ధరకూ మధ్య తేడాలో పెద్ద భాగం ప్రభుత్వం ఇస్తుంది. వినడానికి బాగుంది కదా? ఇప్పుడు రైతు వైపు నుంచి ఆలోచించండి: సాయం కావాలంటే అమ్మాలి, పథకం డబ్బు అయిపోయేలోపే అమ్మాలి, కొనేవాళ్లు ఇద్దరు ముగ్గురు, గేటు బయట లారీల వరుస. కొనేవాడు ధర ఇంకా తగ్గించినా, మిగతాది ప్రభుత్వం పూడుస్తుందిలే అని రైతు ఒప్పుకుంటాడు. ధర పడిపోయింది, రైతు పేరున వచ్చిన డబ్బులో గణనీయమైన వాటా ప్యాకింగ్ కంపెనీలకు, అంటే పశువును కొని కోసి మాంసం అమ్మేవాళ్లకు, లాభంగా మారిందని పెద్ద గొడవే అయింది. కంపెనీలు కుమ్మక్కయ్యాయా అని వ్యాపార పోటీ మీద నిఘా పెట్టే అక్కడి కాంపిటీషన్ బ్యూరో విచారించి, 2005లో అలాంటి ఆధారాలేమీ లేవని చెప్పింది. నాకైతే ఆ మాట ఇంకా భయం పుట్టించింది, ఎవరూ మోసం చేయకపోయినా పథకం రాసిన తీరు చాలన్నమాట.

2004 సెప్టెంబరులో పద్ధతి మార్చారు. కొన్ని పశువులను ఇప్పుడే అమ్మకుండా ఆపుకున్నందుకు డబ్బు, కబేళా సామర్థ్యం పెంచే అప్పులకు దన్ను. మొదటిది సరైన దిశే, రైతు చేతికి బేరమాడే టైమ్ ఇచ్చింది. రెండోదాంట్లో ఒక తిరకాసు ఉంది. ప్లాంటు కట్టడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా 2005 జులైలో, వ్యాధి ముప్పు తక్కువని భావించే 30 నెలల లోపు పశువులకు అమెరికా సరిహద్దు తెరుచుకుంది, పశువులు మళ్లీ దక్షిణానికి వెళ్లిపోయాయి, కొత్త ప్లాంట్లలో కొన్ని నిలదొక్కుకోలేకపోయాయి.

కాబట్టి ప్రకటన చూడగానే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ డబ్బు అందుకోవాలంటే రైతు తొందరపడి అమ్మాలా, ఆగాలా? అమ్మాలి అంటే కొనేవాడు ఎంతమందిలో ఒకడో లెక్కపెట్టండి. ప్రభుత్వమే కొని నాశనం చేసే పథకమైతే ఆ బెడద తగ్గుతుంది. 1996లో మ్యాడ్ కౌ భయంతో యూరోపియన్ యూనియన్ బ్రిటన్ బీఫ్‌ను నిషేధించాక, 30 నెలలు దాటిన పశువులను ఆహారంలోకి రానీయకుండా అలాగే కొన్నారు. ఖర్చు మాత్రం తడిసి మోపెడవుతుంది.

ఆ పైన షరతులు. వీటిని అందరూ వదిలేస్తారు, మీరు వదలకండి. బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) గందరగోళంలో ధరలు పడ్డప్పుడు ఐర్లాండ్ 2019లో 100 మిలియన్ యూరోల పథకం తెచ్చింది, సగం యూరప్ డబ్బు, సగం సొంతది. 2018 సెప్టెంబరు 24 నుంచి 2019 మే 12 మధ్య కోతకు వెళ్లిన పశువుకు 100 యూరోలు, అదీ 100 పశువుల వరకే. అంతా బాగానే ఉంది, కింద ఒక షరతు: పశువుల పేడ, మూత్రం నుంచి వచ్చే నైట్రోజన్‌ను 5 శాతం తగ్గించాలి. అంటే ఆచరణలో మంద తగ్గించుకోవాలి. తగ్గించలేనివాళ్ల నుంచి డబ్బు వెనక్కి అడిగారు. ఇది తెలిసి అసలు దరఖాస్తే పెట్టనివాళ్లూ ఉన్నారు, కేటాయించిన మొత్తం పూర్తిగా ఖర్చు కాలేదు.

ప్యాకేజీలో ‘ఎగుమతి సబ్సిడీ’ అనే మాట కనిపించకపోతే ఆశ్చర్యపోకండి. 2015లో నైరోబీలో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు వ్యవసాయ ఎగుమతి సబ్సిడీలను ఎత్తేయడానికి ఒప్పుకున్నాయి, అందుకే ఆదాయ సాయం, అప్పు, తనిఖీ ఖర్చు లాంటి పేర్లతో వస్తుంది.

ఆ తనిఖీ ఖర్చును చిన్నచూపు చూడొద్దు. మ్యాడ్ కౌ వల్ల 2003 డిసెంబరులో మూసుకున్న జపాన్ మార్కెట్ కోసం అమెరికా రెండేళ్లు తంటాలు పడి 2005 డిసెంబరులో తెరిపించుకుంది. నెలన్నర తిరగకుండానే, 2006 జనవరిలో, నరీటా విమానాశ్రయంలో దిగిన దూడ మాంసం పెట్టెల్లో వెన్నెముక ఎముక దొరికింది. ఒప్పందం ప్రకారం అది ఉండకూడదు. మొత్తం దేశం సరుకు మళ్లీ ఆగిపోయింది, జులై దాకా. ప్లాంటులో మాంసాన్ని పెట్టెలోకి సర్దే మనిషికి ఏ దేశానికి ఏ ముక్క వెళ్లకూడదో నేర్పడానికి పెట్టే ఖర్చు ప్యాకేజీలో ఉందా లేదా అని వెతకండి. లేకపోతే రెండో దెబ్బకు సిద్ధంగా ఉండాలి.

మీరే పెంపకందారు అయితే, ప్రకటన కోసం ఎదురుచూడకుండా కాగితాలు ఇప్పుడే సర్దుకోండి. చెవి ట్యాగుల నంబర్లు, పశువు ఎప్పుడొచ్చింది ఎప్పుడు వెళ్లింది, తూకం చీటీ, అమ్మకం రసీదు. పథకాలు తరచూ పాత తేదీలకు వర్తిస్తాయి, అప్పుడు వెతికితే దొరకవు. ఒకరి పశువును ఇంకొకరి దగ్గర మేపుతుంటే సాయం యజమానికా, మేపేవాళ్లకా అని ముందే రాసుకోండి. కటాఫ్ తేదీకి అటూ ఇటూగా అమ్ముతుంటే, తర్వాత సాయం వస్తే ఎవరిదో, డబ్బు వెనక్కి కట్టమంటే ఎవరు కట్టాలో బేరం కాగితంలోనే రాయించండి.