టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ ఎంత ఉంది, మీ ఇంటికి ఎంత సరిపోతుంది

విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నా, గుంటూరు బ్రాడీపేటలోని మందుల షాపులో కొన్నా, టూత్‌పేస్టు పెట్టెను వెనక్కి తిప్పి చదివాకే డబ్బులివ్వడం మంచిది. పదార్థాల పట్టిక దగ్గర, చాలా చిన్న అక్షరాల్లో, పళ్ళు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ పేరూ దాని పక్కన 1000 లేదా 500 అన్న అంకె, ఆ వెంటనే పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్క) అనీ కనిపిస్తాయి. మన దేశపు నిబంధనల ప్రకారం టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు; ఆ అంకెను పెట్టె మీదా ట్యూబు మీదా కూడా వేయాలి. అంకె కనిపించకపోతే పదార్థాల్లో సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్, సోడియం ఫ్లోరైడ్, స్టానస్ ఫ్లోరైడ్ అనే పేర్ల కోసం వెతకండి. వీటిలో ఏదీ లేదంటే అది ఫ్లోరైడ్ లేని పేస్టు అనుకోవచ్చు. మూలికల పేస్టులు చాలావరకు ఈ కోవలోనివే. ట్యూబు అడుగున ఉండే రంగు గీతను బట్టి పేస్టు సహజమైనదో రసాయనమో చెప్పవచ్చన్న ప్రచారాన్ని మాత్రం నమ్మకండి. ట్యూబును ఎక్కడ కత్తిరించాలో యంత్రానికి తెలియడానికి వేసే గుర్తు అది.

గడువు తేదీ కూడా చూడాలి, ఎందుకంటే పేస్టు నిల్వ ఉన్నకొద్దీ పంటికి పనికొచ్చే ఫ్లోరైడ్ కొంత తగ్గుతుంది.

1000 పీపీఎం అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బియ్యపు గింజంత పేస్టు సుమారు 0.1 గ్రాము తూగుతుంది, బఠానీ గింజంత పేస్టు పావు గ్రాము. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వారికి బఠానీ గింజంత చాలు. ప్రకటనల్లో చూపినట్టు బ్రష్షు పొడవునా పరిచే పేస్టు పసిపిల్లలకు చాలా ఎక్కువ. ట్యూబును వారి చేతికి ఇవ్వకుండా పెద్దవారే పేస్టు వేసి, ఉమ్మేసేదాకా పక్కన నిలబడాలి.

అయితే పేస్టు ఒక్కటే చూసి నిర్ణయించుకుంటే లెక్క సగమే అవుతుంది. రెండో సగం ఇంట్లో తాగే నీటిలో ఉంది. ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్‌ను మన దేశంలో వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. ఇప్పటికీ పల్నాడులో వినుకొండ, బొల్లాపల్లి వైపు బోరు నీటిలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మేలనీ, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు ఫరవాలేదనీ భారత ప్రమాణాలు చెబుతాయి. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న బోరు నీటిని రోజుకు ఒక లీటరు తాగే పిల్లవాడి ఒంట్లోకి ఆ నీటితోనే 2 మిల్లీగ్రాములు చేరుతాయి. అదే పిల్లవాడు 1000 పీపీఎం పేస్టును బియ్యపు గింజంత చొప్పున రెండు పూటలా పూర్తిగా మింగినా చేరేది 0.2 మిల్లీగ్రామే. కాబట్టి అలాంటి ఊళ్ళలో పేస్టు మానేసి, అదే బోరు నీటిని తాగించడం వల్ల ప్రయోజనం లేదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీటిని పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. మరిగించడం వల్ల ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో యంత్రమైతే బాగా తగ్గిస్తుంది. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే, చిన్నపిల్లలకు ఏ పేస్టు వాడాలో దంతవైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి.

విజయవాడ, గుంటూరు నగరాల్లో కృష్ణా నీరు కుళాయిలో వచ్చే ఇళ్ళకు ఈ బెంగ అంతగా అక్కరలేదు. అక్కడ పిల్లల పళ్ళు పుచ్చిపోకుండా చూడటమే ముఖ్యం, దానికి ఫ్లోరైడ్ పేస్టే ఆధారం. పంటి మీద మచ్చలు పడేది చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులోనే కాబట్టి, పెద్దవారు గార పళ్ళ భయంతో 1000 పీపీఎం పేస్టును వదులుకోనక్కరలేదు. తోముకున్నాక నురగ ఉమ్మేసి, నీళ్ళతో గట్టిగా పుక్కిలించకుండా ఉంటే ఫ్లోరైడ్ పంటి మీద ఎక్కువసేపు నిలుస్తుంది.

పసిబిడ్డ ట్యూబును పిండుకుని తినేస్తే, బరువులో కిలోకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ను ప్రమాదపు హద్దుగా వైద్యులు లెక్కిస్తారు. పది కిలోల బిడ్డకు అది 1000 పీపీఎం పేస్టులో 50 గ్రాములు. అంతకన్నా తక్కువే తిన్నా వాంతులు, కడుపునొప్పి ఉంటే, లేదా ఎంత తిన్నాడో తెలియకపోతే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వెళ్ళేలోగా పాలు తాగించవచ్చు, వాంతి మాత్రం చేయించకూడదు. ట్యూబును కూడా తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి.