ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మాట పడిపోతే

ఆమదాలవలసలో మా పెదనాన్న ఒకరోజు పొద్దున్నే చెంబు చూపించి "తాళం, తాళం" అన్నాడు. మంచినీళ్లని పెద్దమ్మకు అర్థమైంది. కానీ గాలి సోకిందేమోనని ఎవరో అనడంతో పసరు మందుకు కబురంపారు, ఆసుపత్రికి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ పూట మీ ఇంట్లో పోకూడదనే ఇది రాస్తున్నాను.

ఉన్నట్టుండి మాట తడబడినా, ఒకటి అనబోయి ఇంకొకటి అన్నా, ముందు పక్షవాతమనే అనుకోండి. నవ్వమనండి, మూతి వంకర పోతోందా? రెండు చేతులూ ఎత్తమనండి, ఒకటి జారిపోతోందా? వెంటనే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి. చివరిసారి బాగా మాట్లాడింది ఎన్నింటికో గుర్తుపెట్టుకోండి, నిద్ర లేచేసరికే మాట పోయి ఉంటే రాత్రి పడుకున్న టైమే లెక్క, ఎందుకంటే రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా అప్పటినుంచి 4.5 గంటల లోపే ఇస్తారు. నోట్లో నీళ్లు కూడా పోయొద్దు, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ అసలే వద్దు, మెదడులో రక్తనాళం మూసుకుపోయిందో చిట్లిందో స్కాన్‌లోనే తెలుస్తుంది. షుగర్ మనిషైతే ఆ సంగతి చెప్పండి, షుగర్ పడిపోయినా మాట ఇలాగే తడబడుతుంది. కాసేపటికి మాట తిరిగొచ్చినా ప్రయాణం ఆపకండి.

చాలామందికి మాటలు నడిపేది ఎడమ మెదడే, అందుకే తరచు కుడి చెయ్యీ కాలూ కూడా పడిపోతాయి. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు, "టాన్" తప్ప ఇంకో మాట పలకలేని రోగి చనిపోయాక చూస్తే, ఎడమ మెదడు ముందు భాగం దెబ్బతిని ఉంది. అక్కడ దెబ్బతింటే విన్నది చాలావరకు అర్థమవుతుంది, మాటే పెగలదు. చెవికి కాస్త పైన, వెనకవైపు దెబ్బతింటే మాటలు ధారగా వస్తాయి గానీ పొంతన ఉండదు, మనం చెప్పేదీ అర్థం కాదు.

హెల్మెట్ లేకుండా బండి మీంచి పడినా, మెదడువాపు వచ్చినా, ఫిట్స్ వచ్చినా మాట పోవచ్చు. వారాల తరబడి మాట మెల్లగా తగ్గుతుంటే మెదడులో కణితేమో చూపించాలి, ఏళ్ల మీద తగ్గుతుంటే మెదడు కణాలు క్షీణించే జబ్బు కావచ్చు. వయసైపోయిందిలే అని వదిలేయకండి.

ఇంటికొచ్చాక టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, చిన్న చిన్న మాటల్లో అడగండి. అవును, కాదు అని తలూపితే సరిపోయేలా అడగండి. మాట పోతే తెలివి పోయినట్టు కాదు, ఆయన ముందే ఆయన గురించి జాలిగా మాట్లాడొద్దు. స్పీచ్ థెరపీ వీలైనంత త్వరగా మొదలుపెట్టండి. పెదనాన్నకు తన పేరు రాదు గానీ ఒకటి నుంచి పది దాకా గడగడా చెప్పేస్తాడు, అలవాటైన వరసలు చాలామందిలో అలా మిగులుతాయట, థెరపిస్టు అక్కడినుంచే మొదలుపెట్టింది. నిన్న చెంబు చూసి "చెం..." దాకా వచ్చాడు. మిగతాది తను అందించేయకుండా పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది.