గిన్నెలో నీళ్లున్నా దప్పికే: మద్రాసు ఎండల్లో పెరటి కోడిని బతికించుకోవడం

మీ పెట్ట ఇప్పటికే కాళ్లు చాపేసి పడి ఉంటే, కారణాల సంగతి తర్వాత. ముందు ఈ పని చూడండి.

పడిపోయింది, తల ఎత్తడం లేదు

వెంటనే ఇంట్లోకి తెచ్చి ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి. బకెట్లో చల్లటి మామూలు నీళ్లు పోసి మోకాళ్ల దాకా కాళ్లు ముంచండి. తల మీది ఎర్ర జుట్టు, గడ్డం కింద వేలాడే ఎర్ర తోలు, రెక్కల కింద చర్మం తడిగుడ్డతో తడపండి. కోడి వంట్లో వేడి ఎక్కువగా బయటికి పోయేది ఈకలు లేని ఈ చోట్ల నుంచే. కంగారులో ఐసు నీళ్లలో ముంచొద్దు. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే చిక్కుకుంటుంది.

చాలామంది పొరపాటు చేసేది తాగించేటప్పుడు. ముక్కు తెరిచి గ్లాసుతో పోసేస్తారు. నాలుక వెనకే గాలిగొట్టం నోరు ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. డ్రాపరుతోగానీ వేలికొసతోగానీ ముక్కు అంచు మీద ఒక్క చుక్క పెట్టి, అది మింగాకే రెండోది పెట్టండి. స్పృహ లేని కోడికి చుక్క కూడా పోయొద్దు.

తల నిలిపాక ఓఆర్‌ఎస్ ఇవ్వవచ్చు. లీటరు నీళ్లకని రాసి ఉన్న ప్యాకెట్టును రెండు లీటర్లలో కలపండి. కోడికి ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. ఒక పూట ఇస్తే చాలు, పక్కనే మంచినీళ్లు కూడా ఉంచాలి. జుట్టు నీలం తిరిగినా, వణుకుతూ కొట్టుకుంటున్నా ఇంటి వైద్యంతో పొద్దు గడపకండి. వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, లేదంటే దగ్గర్లోని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నిలబడే ఉంది, కానీ నోరు తెరిచి రొప్పుతోంది, రెక్కలు ఎడంగా దించుకుంది

కోడికి చెమట పట్టదు. మామూలుగానే దాని ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. రొప్పినప్పుడు నోట్లో తడి ఆవిరై, ఆ దారినే ఒళ్లు చల్లబడుతుంది. అనంతపురం వైపు పొడి ఎండలో 40 డిగ్రీలకు కూడా ఈ ఉపాయం కొంత పనిచేస్తుంది. మద్రాసులో సముద్రపు తేమ వల్ల ఆవిరి పోవడమే కష్టం. అందుకే ఊళ్లో అమ్మమ్మ ఇంటి కోళ్లు తట్టుకున్న ఎండకు ఇక్కడివి కూలబడతాయి. ఫోన్లో కనిపించే డిగ్రీల అంకెను నమ్ముకోకండి, కోడి నోరు చూడండి.

ఇక్కడ కావలసింది గాలి. మిద్దె మీద రేకు కింద గూడుంటే రేకు మీద కొబ్బరి మట్టలు దట్టంగా పరవండి. తూర్పు వైపు జాలీ తెరిచి ఉంచండి, సముద్రపు గాలి వచ్చేది అటునుంచే. ఆ గాలి ఆలస్యమై పడమటి గాలే వీస్తున్న రోజులు మరీ కఠినం, ఆ మధ్యాహ్నం కోళ్లను కింది వరండాలోకి దించేయడం మేలు. తడి గోనెసంచి ఒక వైపే కట్టండి. నాలుగు వైపులా కడితే గూడు ఇడ్లీ పాత్ర అయిపోతుంది. మేత అరగడానికి కూడా ఒళ్లు వేడెక్కుతుంది కాబట్టి నూకలు, సజ్జలు తెల్లవారుజామున, మళ్లీ ఎండ దిగాక వేయండి.

నీళ్లు పెట్టాం, అయినా ఒళ్లు ఎండిపోతోంది

జుట్టు వాడి ముడతలు పడుతుంది, కళ్లు లోపలికి పోతాయి, రొమ్ము మీద చర్మం గిల్లి వదిలితే వెంటనే సర్దుకోదు. రెట్ట కొంచెమే, అదీ తెల్లటి సున్నంలా ఉంటుంది. "గిన్నె నిండా నీళ్లున్నాయి కదా" అంటారు ఇంట్లోవాళ్లు. ఆ గిన్నెలో వేలు పెట్టి చూడండి. మిద్దె మీది ట్యాంకు నుంచి పట్టిన నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి, కోడి ఒక గుక్క తాగి వదిలేస్తుంది. పొద్దున్నే పట్టి కుండలో పోసి ఉంచిన నీళ్లను మట్టి మూకుళ్లలో నీడన పెట్టండి. పొద్దున పదకొండింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి మార్చండి. మామూలు రోజున పెట్ట పావు లీటరు దాకా తాగుతుంది, ఎండాకాలం అంతకు రెట్టింపు కావాలి. నాలుగు పెట్టలకు రెండు లీటర్లు లెక్కేసుకోండి.

గిన్నె ఒకటే అయితే ఇంకో చిక్కు. మందలో పెత్తనం చేసే పెట్ట బక్కదాన్ని దగ్గరికి రానివ్వదు. ఒకదానికొకటి కనబడకుండా మూడు చోట్ల పెట్టండి.

పొదుగుడు మీదున్న పెట్ట సంగతి నాకు ఇప్పటికీ బాధే. ఒక మే నెలలో మా నల్లపెట్ట పదహారో రోజు గుడ్ల మీదే ఉండిపోయింది. కదలదులే, అదే లేస్తుంది అనుకున్నాను. సాయంత్రానికి మెడ వాల్చేసింది. అప్పటి నుంచి పొదిగే పెట్టను పొద్దునా సాయంత్రం నా చేత్తోనే దించి నీళ్లు, మేత చూపిస్తున్నాను. పావుగంట సేపు దిగినంత మాత్రాన గుడ్లు చెడిపోవు. మెడ చాస్తే అందేలా ఒక మూకుడు గంప పక్కన కూడా ఉంచుతాను.

పొద్దున ఆరింటికి చల్లగా ఉన్నప్పుడూ రొప్పుతోంది

ఇది ఎండదెబ్బ అయ్యే అవకాశం తక్కువ. ఆకుపచ్చటి రెట్ట, మెడ మెలితిరగడం కూడా ఉంటే కొక్కెర తెగులని, అంటే రాణిఖేత్ అనే అంటురోగమని అనుమానించండి. ఇక్కడి తమిళులు దీన్ని వెళ్ళై కళిచ్చల్ అంటారు, డాక్టరుకు అలా చెబితే వెంటనే అర్థమవుతుంది. ముందే టీకా వేయించాలి, వచ్చాక నయం చేసే మందు లేదు. ఆ కోడిని ఆ క్షణమే వేరు చేయండి. హుషారుగా తిరుగుతూ రెట్ట మాత్రం నీళ్లలా వేస్తుంటే భయం లేదు, ఎక్కువ తాగినందువల్లే అది.

కోలుకున్న పెట్టను రెండు రోజులు విడిగా ఉంచండి, నీరసంగా ఉన్నదాన్ని మిగతావి పొడుస్తాయి. కొన్నాళ్లు గుడ్లు ఆగిపోవచ్చు, పెట్టినా పెంకు పల్చగా రావచ్చు. రొప్పడం వల్ల రక్తంలో వచ్చిన మార్పుతో పెంకుకు కావలసిన సున్నం సరిగా అందదు. ఆల్చిప్పల పొడి ఒక మూకుట్లో విడిగా పెట్టండి, కావలసినంత అదే తింటుంది.